పిల్లల చేతికి సీసం పెల్లెట్లు వద్దు



2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్య పతకాలు గెలిచినప్పటి నుంచి పీటీఎంకి వచ్చే పేరెంట్స్‌లో కొందరు ఒక ప్రశ్న అడుగుతున్నారు: "మేడమ్, మావాణ్ణి షూటింగ్‌లో చేర్పించమంటారా?" చేర్పించండి అనే చెబుతున్నాను. ఓపిక, ఏకాగ్రత, ఊపిరి మీద అదుపు నేర్పే ఆట అది. హైదరాబాద్‌కి చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చారు. అదే ఊరి అమ్మాయి ఈషా సింగ్ పారిస్ దాకా వెళ్ళింది. మన బెజవాడ పిల్లలు ఎందుకు వెళ్ళకూడదు?

అయితే ఆ ఆటలో పిల్లలు వేళ్ళతో పట్టుకునే ఒక చిన్న వస్తువు గురించి మీతో మాట్లాడాలి. ఎయిర్‌గన్‌లో పెట్టే పెల్లెట్. బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది, బరువు అర గ్రాము. మార్కెట్లో దొరికే పెల్లెట్లు ఎక్కువ భాగం సీసంతో చేసినవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలు ముట్టుకునే ప్రతి చోటా సీసం పెల్లెట్లు ఆగిపోవాలి. చట్టం వచ్చేదాకా ఆ పని పేరెంట్స్, స్కూళ్ళు, కోచ్‌లు కలిసి చెయ్యాలి.

వేటగాళ్ళ దేశాల్లో జరుగుతున్న చర్చ

వేట చట్టబద్ధంగా సాగే దేశాల్లో సీసం తూటాల మీద కొన్ని దశాబ్దాలుగా పెద్ద చర్చ నడుస్తోంది. నీటి పక్షుల వేటలో సీసం రవ్వలు వాడకూడదని అమెరికా 1991 నాటికి దేశమంతటా నిషేధం పెట్టింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై నుంచి ఏ వేటకీ సీసం తూటాలు వాడొద్దంది. డెన్మార్క్ 1996లో రవ్వలనీ, 2024లో బుల్లెట్లనీ ఆపేసింది. యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో సీసం రవ్వలు కాల్చడాన్ని 2023 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. వేటకి వాడే సీసం తూటాలని దశలవారీగా తీసేస్తామని బ్రిటన్ 2025 జులైలో ప్రకటించింది.

ఇంత పట్టుదల ఎందుకంటే, పక్షులకి పళ్ళుండవు. తిన్న గింజలు నూరడానికి చిన్న చిన్న రాళ్ళు మింగి కందనకాయలో దాచుకుంటాయి. చికెన్ కొట్లో మనం అడిగి తెచ్చుకునే కందనకాయే అది. చెరువు అడుగున పడివున్న సీసం రవ్వని కూడా పక్షి రాయి అనుకుని మింగుతుంది. కందనకాయ దాన్ని నూరుతుంది, కడుపులో ఆమ్లం కరిగిస్తుంది, సీసం రక్తంలోకి వెళ్తుంది. కొద్ది రవ్వలు చాలు, బాతు ఎగరలేక, తినలేక చనిపోతుంది. ఎవరూ దాని మీద తుపాకీ పేల్చకుండానే చనిపోతుందన్నమాట.

మన దగ్గర వేటే లేదు కదా?

నిజమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దేశంలో సరదాకి వేటాడడం నేరం. కాబట్టి వేటలో సీసం వాడాలా వద్దా అనే ప్రశ్న ఇక్కడ రాకూడదు. కానీ రెండు కారణాల వల్ల ఆ చర్చ మన గుమ్మం దాకా వస్తుంది.

మొదటిది కొల్లేరు. అది 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్సర్ జాబితాలో చేరింది. సంక్రాంతి సెలవుల్లో కైకలూరు దగ్గర ఆటపాకకి వెళ్ళి పెలికాన్లని చూసివచ్చిన పిల్లలు మన క్లాసుల్లో చాలామందే ఉన్నారు. చలికాలంలో కొల్లేరుకి వచ్చే పరజలు, ఇతర వలస పక్షులు వేట సాగే దేశాల మీదుగా ఎగిరి వస్తాయి. అలాంటి వలస జీవుల కోసం ఉన్న అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 1983 నుంచి సభ్యురాలు. సీసం తూటాలని దశలవారీగా మానేయాలని ఆ ఒప్పంద దేశాలు 2014లో క్వీటో సమావేశంలో మార్గదర్శకాలు ఇచ్చాయి. 2020లో అవే దేశాలు గాంధీనగర్‌లో సమావేశమైతే ఆతిథ్యం ఇచ్చింది మనమే.

రెండోది ఎయిర్‌గన్. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్ళ శక్తి దాటనంత వరకు దానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అందుకని చాలా ఇళ్ళలో దాన్ని బొమ్మ తుపాకీ కింద లెక్కేస్తారు. మామిడి తోటలో కోతుల్ని తరమడానికి, చేపల చెరువు మీద వాలే కొంగల్ని బెదరగొట్టడానికి, ఏమీ తోచకపోతే పిచ్చుకల మీద గురి చూడడానికి. అరుణాచల్ ప్రదేశ్ ప్రభుత్వం 2021 మార్చిలో పక్షుల్ని కాపాడాలని ఎయిర్‌గన్లు స్వచ్ఛందంగా అప్పగించే కార్యక్రమం మొదలుపెట్టింది. 1,600కు పైగా తుపాకులు వచ్చాయని ప్రధాని 2022 జనవరి మన్ కీ బాత్‌లో చెప్పారు. తరతరాలుగా వేట అలవాటున్న జనమే అంత పని చేస్తే, ఏ అవసరమూ లేకుండా కొనుక్కున్న మనం ఇంకెంత సులువుగా చెయ్యొచ్చు!

మన పిల్లలు సీసాన్ని ముట్టుకునే చోట్లు

ఒకటి, పైన చెప్పిన ఇంటి ఎయిర్‌గన్. పెల్లెట్ డబ్బా టీవీ పక్కన షోకేసులోనో, పుస్తకాల అరలోనో ఉంటుంది. రెండు, తిరునాళ్ళలోనో ఎగ్జిబిషన్‌లోనో బెలూన్లు కాల్చే స్టాలు. నాలుగు బెలూన్లు పేల్చి, అదే చేత్తో పీచుమిఠాయి తింటాడు పిల్లవాడు. మూడు, షూటింగ్ రేంజ్. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 60 షాట్లు ఉంటాయి. ప్రాక్టీసులో కూడా అన్ని కాల్చారనుకుందాం. అంటే ఒక పిల్ల ఒక పూటలో 60 సార్లు సీసాన్ని పట్టుకుంటుంది. మొత్తం దాదాపు 30 గ్రాముల సీసం ఆ చేతుల మీదుగా పోతుంది. లోడ్ చేసే తొందరలో పెల్లెట్లని నోట్లోనో, పెదాల మధ్యో పట్టుకునే పిల్లలూ ఉంటారు. కాల్చిన పెల్లెట్ ఇనుప రేకుకి తగిలి నలిగి, కొంత పొడి అవుతుంది. ఆ పొడి నేల మీదా, బూట్ల మీదా, బ్యాగుల మీదా చేరి ఇంటికొస్తుంది.

ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం నాకిష్టం లేదు. ఎయిర్‌గన్‌లో మందుగుండు ఉండదు కాబట్టి పిస్టల్ రేంజ్‌లో లేచేంత సీసం పొగ ఇక్కడ లేవదు. ముట్టుకున్నంత మాత్రాన సీసం చర్మంలోంచి పెద్దగా లోపలికి పోదు. అసలు దారి చేతి నుంచి నోటికి. పిల్లలకి ఆ దారి ఎంత దగ్గరో నాకంటే మీకే బాగా తెలుసు.

సీసం ఏం చేస్తుంది?

2020 డిసెంబరులో ఏలూరులో ఉన్నట్టుండి జనం ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు మనమంతా టీవీల ముందే కూర్చున్నాం. కొందరి రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. చివరికి నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపే ఎక్కువ మొగ్గు చూపారు. కాబట్టి ఏలూరు నేరాన్ని సీసం నెత్తిన వెయ్యలేం. కానీ ఆ వారంలో సీసం అనే మాట విని మనకి కలిగిన భయం అర్థం లేనిది కాదు.

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నోట్లోకి వెళ్ళిన సీసంలో పెద్దవాళ్ళ ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు ఎక్కువగా చిన్నపిల్లల ఒంటికి పడుతుంది. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకి ఇంకా ఎక్కువ. అది ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎదిగే మెదడు మీద దెబ్బ కొడుతుంది: తెలివితేటలు, శ్రద్ధ, ప్రవర్తన. వాంతులు, జ్వరం లాంటి గుర్తులేవీ లేకుండానే ఇదంతా జరగొచ్చు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, అంతకు మించి సీసం ఉంది. అందులో 27.5 కోట్ల మంది మన దేశం పిల్లలు. పాత బ్యాటరీలు, రంగులు, కల్తీ మసాలాలు, కొన్ని వంట పాత్రలు వంటివి ఇందుకు పెద్ద కారణాలు. పెల్లెట్ల వాటా చిన్నదే. కానీ మన చేత్తో మనం కొనిచ్చేది, రేపటి నుంచే మానేయగలిగింది కూడా ఇదే.

అవతలి వాళ్ళ వాదన

షూటర్లు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. సీసం మెత్తన, బరువు. బ్యారెల్ లోపలి గాళ్ళని చక్కగా పట్టుకుని, దాన్ని అరగదీయకుండా, ఒకేలా ఎగురుతుంది. తగరంతో చేసిన పెల్లెట్లు తేలిక, ఖరీదు ఎక్కువ, ప్రతి రైఫిల్‌కీ నప్పవు. మిల్లీమీటరు తేడాలో పతకం చేజారే ఆటలో ఇది చిన్న విషయం కాదు.

అందుకే దేశం తరఫున ఆడే స్థాయి వాళ్ళకి ఈ రోజే ఆపేయమని నేననను. వాళ్ళకి గడువు ఇవ్వొచ్చు. కానీ ఆరో తరగతి పిల్లవాడు నిలబడడం, ఊపిరి పట్టడం, ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకునే రోజుల్లో ఆ చిన్న తేడా ఎవరికి కావాలి? అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాలు కూడా పెల్లెట్ సీసంతో గానీ, అలాంటి మెత్తటి పదార్థంతో గానీ ఉండొచ్చంటున్నాయి. అంటే నియమం అడ్డు కాదు, అలవాటే అడ్డు.

నిషేధాలతో ఏమవుతుందిలే అనుకునేవాళ్ళు ఒక్కసారి బెంజ్ సర్కిల్‌ని తలుచుకోండి. రెండు జాతీయ రహదారులు కలిసే ఆ కూడలిలో ఒకప్పుడు ప్రతి పెట్రోలు బండీ సీసం కలిసిన పొగ వదిలేది. 2000లో దేశమంతటా ఆ పెట్రోలు ఆగిపోయింది. బళ్ళు ఆగలేదు, ఇంకా పెరిగాయి. ఇవాళ ఆ సర్కిల్ దాటి స్కూలు వ్యాన్‌లో వచ్చే మన పిల్లలు పెట్రోలు సీసం పీల్చడం లేదు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2017 నవంబరు నుంచి నియమం వచ్చింది. ఇళ్ళకి రంగులు వెయ్యడం మనమేమీ మానలేదు. పెల్లెట్ల విషయంలోనూ అలాంటి నియమమే కావాలి: డబ్బా మీద సీసం ఉందని తెలుగులో హెచ్చరిక, పిల్లలకి అమ్మకూడదన్న షరతు, ఆ తర్వాత గడువు పెట్టి పూర్తి మార్పు.

ఈ నెలలోనే చెయ్యగలిగినవి

షూటింగ్‌లో చేర్పించే ముందు కోచ్‌ని రెండు ప్రశ్నలు అడగండి: "సీసం లేని పెల్లెట్లతో నేర్పుతారా? టార్గెట్ దగ్గర నేలని పొడి చీపురుతో ఊడుస్తారా, తడి గుడ్డతో తుడుస్తారా?" చీపురుతో ఊడిస్తే ఆ పొడి గాల్లోకి లేస్తుంది. తడి గుడ్డే సరైనది.

రేంజ్ లోపల తినడం, తాగడం వద్దు. బయటికి రాగానే సబ్బుతో చేతులు, ముఖం కడిగించండి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ సీసాన్ని కడగదు. ఆ బట్టలు విడిగా ఉతకండి, బూట్లు గుమ్మం బయటే విప్పించండి. ఖాళీ కడుపుతో పంపకండి. కడుపు ఖాళీగా ఉంటే సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది.

ఇంట్లో ఎయిర్‌గన్ ఉంటే తాళం వేయండి, పెల్లెట్లు వేరే చోట దాచండి. సీసం మాట అటుంచితే, ఒక్క పెల్లెట్ కంటి చూపు తీసేయగలదు. పక్షుల మీద గురిపెట్టడం సరదా కాదనీ, నేరమనీ పిల్లలకి చెప్పండి. తిరునాళ్ళలో బెలూన్లు కాల్చాలని మారాం చేస్తే కాల్చనివ్వండి, చెయ్యి కడిగాకే మిఠాయి కొనివ్వండి.

ఇప్పటికే చాలాకాలంగా రేంజ్‌కి వెళ్తున్న పిల్లలుంటే, మీ పిల్లల డాక్టరుని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

షూటింగ్ నేర్పే ప్రతి స్కూలూ, మనదైనా ఇంకొకరిదైనా, సీసం లేని పెల్లెట్లే కొనాలని మీరూ అడగండి. ఒక్కరు అడిగితే అనుమానం అంటారు. పీటీఎంలో ముప్పై మంది అడిగితే అది నియమం అవుతుంది.