చదరంగంలో ఇరవై అంకెలు

పుదుచ్చేరి పట్టణంలోని కదిర్కామంలో, ఒక తెలుగువారి ఇంట, చదరంగపు బల్ల ముందు కూర్చున్న మనుమడు తాతగారిని పరీక్షించదలచాడు.

"తాతయ్యా! మొదటి గడిలో ఒక బియ్యపు గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు. ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్లకు మొత్తం ఎన్ని గింజలవుతాయి?"

తాతగారు కాగితం అడగలేదు. చిన్ననాడు నేర్చిన పద్యమొకటి చదివి, 18446744073709551615 అని అంకె అంకె విడదీసి చెప్పారు. మనుమని కాలిక్యులేటరు మొదటి పది అంకెలు చూపి ఊరుకున్నది. తక్కిన పది నిజమని నమ్మేదెట్లా?

ఆ పద్యం పావులూరి మల్లనదిగా ప్రసిద్ధం. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన 'గణితసారసంగ్రహా'న్ని తెలుగు చేసిన కవి ఆయన. పద్యంలో అంకెలు కానరావు; వాటికి సంకేతాలైన మాటలుంటాయి. శరమంటే మన్మథుని బాణాలు, కనుక 5. శశి ఒక్కడే, కనుక 1. గగనం శూన్యం. అబ్ధి అంటే 4, కుంజరమంటే దిగ్గజాలు 8. వీటిని కుడి నుండి ఎడమకు పేర్చుకోవాలి. అంకెల వరుసలో ఒకటి జారిపోతే కంటికి తెలియదు. పద్యంలో ఒక మాట జారితే చెవి వెంటనే పట్టుకుంటుంది. ఛందస్సే ఇక్కడ లెక్కకు కావలి.

అయినా పరీక్షింపక నమ్మనక్కరలేదు. రెండును రెండుతో గుణిస్తూ పోతే చివరి అంకె 2, 4, 8, 6 అని తిరిగి తిరిగి వస్తుంది. 64 నాలుగుతో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక, అరవై నాలుగు రెండ్ల లబ్ధం 6తో ముగియాలి. గింజల మొత్తం దానికి ఒకటి తక్కువ. అంటే చివరి అంకె 5. పద్యంలో మొదటి మాట శరమే!

ఈ సంఖ్యలో మరొక చిత్రమున్నది. ఇది 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. ఇటువంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దిలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా భావించాడు. మొదటి ఐదూ ఆ మాట నిలబెట్టాయి. ఆరవది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ నిరూపించాడు. మహామేధావి ఊహకైనా పరీక్ష తప్పదు.

వేయి గింజల బరువు ఇరవై గ్రాములనుకుంటే, ఈ గింజలు దాదాపు 37,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా 50 కోట్ల టన్నుల బియ్యం పండించినా, ఏడు వందల ఏళ్లకు పైగా పడుతుంది. నేటి కంప్యూటరు అరవై నాలుగు బిట్లలో దాచగల అతి పెద్ద పూర్ణసంఖ్య కూడ ఇదే.

మనుమడు కాలిక్యులేటరు పక్కన పెట్టాడు. "తాతయ్యా, ఆ పద్యం మరొక్కసారి చెప్పండి" అన్నాడు.