కబురు తెచ్చినవాడెవరు?

ఉర్దూలోని 'ఖబర్' తెలుగింట అడుగిడి 'కబురు' అయినది. ఈ రెండు భాషలూ కలిసి మెలిసి వినవచ్చే మన కళాశాలలో, ఈ ఒక్క మాటను ఆధారంగా చేసుకొని ఒక ఆధునిక సమస్యను విద్యార్థుల ముందుంచదలచినాము.

నేడు వాహనాలు కూడ కబుర్లు పంపుకొంటున్నవి. బస్సు తానెక్కడ ఉన్నదో నియంత్రణ కేంద్రానికి తెలుపుతున్నది. రైలింజను ముందున్న సిగ్నలు స్థితిని రేడియో ద్వారా గ్రహిస్తున్నది. కొన్ని దేశాలలో కారు తన వేగాన్ని, దిశను సమీపంలోని కార్లకు సెకనుకు పది మారులు ప్రకటించగలుగుతున్నది. దీనినే 'ఇంటెలిజెంట్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టం', అనగా తెలివిగల రవాణా వ్యవస్థ అంటున్నారు. ఈ తెలివికి ప్రాణాధారం మొబైల్ నెట్‌వర్క్, రేడియో తరంగాలు.

ఈ విషయమై మాట్లాడేవారిలో పలువురు వేగాన్ని గురించియే ప్రశంసిస్తారు. వేగం అవసరమే. గంటకు 80 కిలోమీటర్లు పరుగెత్తే వాహనం ఒక్క సెకనులో 22 మీటర్లు దాటిపోతుంది. ఆలస్యంగా వచ్చిన హెచ్చరిక రానిదానితో సమానం. కాని కబురు ఎంత త్వరగా వచ్చినదను ప్రశ్నకు ముందు, దానిని తెచ్చినవాడెవరను ప్రశ్న వేసుకోవలెనని మా అభిప్రాయం.

ఇందుకు రెండు నిదర్శనాలు చాలును. పోలండు దేశపు రైళ్ళలో అత్యవసరంగా బండిని ఆపుటకు ఒక పాత రేడియో సంకేతం ఉన్నది. వరుసగా మూడు స్వరాలు వినిపించిన చాలు, బండి ఆగవలసినదే. పంపినవాడు రైల్వే ఉద్యోగియా, మరొకడా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. 2023 ఆగస్టు 25 రాత్రి ఎవరో ఆ స్వరాలను పంపగా ష్చెచిన్ నగర ప్రాంతంలో సుమారు 20 రైళ్ళు నిలిచిపోయినవి. అంతకు పూర్వం 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇద్దరు పరిశోధకులు, రహదారిపై పోతున్న జీప్ చెరోకీ వాహనాన్ని ఎక్కడో ఇంటిలో కూర్చుండి మొబైల్ నెట్‌వర్క్ ద్వారా తమ అదుపులోనికి తెచ్చుకొని చూపినారు. వారు ప్రవేశించిన ద్వారం పాటలు వినిపించే యంత్రం! ఫలితంగా 14 లక్షల వాహనాలను సరిదిద్దుటకై వెనుకకు పిలువవలసి వచ్చినది.

హదీసు శాస్త్రాన్ని ఎరిగినవారికి 'ఇస్నాద్' అను మాట క్రొత్త కాదు. ఒక వార్తను స్వీకరించుటకు ముందు అది ఎవరి నుండి ఎవరికి అందినదో, వారి విశ్వసనీయత ఎట్టిదో మన పూర్వ పండితులు శ్రమపడి పరీక్షించేవారు. నేటి శాస్త్రజ్ఞులు వాహన సందేశానికి జతపరచే 'డిజిటల్ సంతకం' కూడ అదే వివేకాన్ని గణిత రూపంలో అమలు జరుపుతున్నది. సంతకం సరిపోని సందేశాన్ని వాహనం త్రోసిపుచ్చుతుంది.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. రద్దీగల కూడలిలో చుట్టునున్న నూరు వాహనాలు సెకనుకు పదేసి సందేశాలు పంపినచో, ఒక్క సెకనులో వేయి సంతకాలను పరీక్షించవలె. పరీక్ష ఆలస్యమైతే ప్రమాదం. పరీక్షయే మానివేస్తే మోసం. మరొక చిక్కు కూడ ఉన్నది. ప్రతి సందేశంపై ఒకే సంతకం ఉన్నచో, ఫలానా వ్యక్తి ఎప్పుడు ఎక్కడికి పోయినాడో ఎవరైనను తెలుసుకొనవచ్చును. అందుకే తరచుగా మారే మారుపేర్లతో సంతకం చేసే పద్ధతిని రూపొందించినారు. భద్రత, వేగం, వ్యక్తి గోప్యత — ఈ మూడింటిని సమన్వయపరచుటయే ఈ రంగంలోని అసలు విద్య.

ఇదంతా పరదేశపు ముచ్చట కాదు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద ఒక ప్యాసింజరు బండి ముందున్న బండిని ఢీకొనగా 14 మంది మరణించారు. ఆ మార్గంలో అప్పటికి 'కవచ్' రక్షణ వ్యవస్థ లేదు. సిగ్నలు దాటబోయే బండిని తనంత తానే ఆపగలిగే ఈ వ్యవస్థను మన దేశమే నిర్మించుకొన్నది. దాని తొలి పరీక్షలకు రంగస్థలం మన దక్షిణ మధ్య రైల్వేయే. అదియు రేడియో సందేశాలపై ఆధారపడినదే. అట్లే 2019 జనవరి 1 నుండి క్రొత్తగా రిజిస్టరయ్యే బస్సులు, ట్యాక్సీలలో స్థానాన్ని తెలిపే పరికరం, ఆపదలో నొక్కవలసిన మీట ఉండవలెనని నిబంధన వచ్చినది. రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించే మన విద్యార్థిని ఆ మీట నొక్కినపుడు టవరు అందకున్నను, అందిన సందేశాన్ని గమనించేవారు లేకున్నను, ఆ మీట కేవలం అలంకారం.

అందుచేత యంత్రాన్ని అమర్చిన తరువాత తీరికగా భద్రతను ఆలోచింతమను ధోరణి తగదు. ఇంటికి పునాది వలె అది మొదటనే ఉండవలె. ఖర్చెక్కువ అనువారికి కంటకాపల్లి మృతుల కుటుంబాలే సమాధానం.

విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు సంకేత గణితాన్ని పరీక్ష కొరకు మాత్రమే గాక, ప్రాణరక్షణ విద్యగా అభ్యసింతురు గాక! వారికి ఈ విషయమై ఒక చిన్న ఉపన్యాస మాలను ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల కమిటీ వారికి మా విన్నపం. నమ్మదగిన కబురును సకాలంలో చేర్చుట ఏ కాలంలోనైనను పుణ్యకార్యమే.