కాకరను మందుగా కాదు, కూరగా తినండి

మధుమేహము ఉన్నదని తెలిసిన మరునాటి నుండియే అనేకులు చేయు మొదటి పని, ఉదయమున ముక్కు మూసికొని ఒక గ్లాసు కాకరరసము మింగుట. ఉదయపు నడకకు జనులు చేరు ఉద్యానవనముల వాకిట ఈ రసములు అమ్మువారు పట్టణములందు తరచుగా కానవచ్చుచున్నారు. నా వైద్యవృత్తిలో నేను గమనించినది ఏమనగా, ఈ విధముగా ఆరంభించినవారిలో అధికులు కొద్దికాలమునకే మానివేయుదురు. మానివేసిన పిదప కాకరకాయ కూర కూడ వారి విస్తరిలోనికి రాదు. అంతే కాదు, కాకర అనగా రోగులు త్రాగు చేదుమందు అను భావము ఆ ఇంటి పిల్లల మనస్సులో స్థిరపడిపోవును. రసము వలన కలిగిన లాభము కంటె ఈ నష్టమే పెద్దదని నా అభిప్రాయము.

ఇష్టము లేని కూరను ఇష్టపడుట ఏ వయస్సునందైనను నేర్వవచ్చును. కాని ఔషధమని చెప్పి బెదిరించి ఆ ఇష్టమును ఎవ్వరికిని కలిగింపజాలము. మందును రోగము ఉన్నంతవరకే పుచ్చుకొందుము. కూరను జీవితాంతము తినవలెను. ఈ రెండింటికి గల భేదమును మరచుటయే మన పొరపాటు.

చేదును గురించి శాస్త్రము

చరకసంహిత సూత్రస్థానము 26వ అధ్యాయములో తిక్తరసమును, అనగా చేదును గురించి ఒక విచిత్రమైన విషయము ఉన్నది. చేదు తనంతట తాను నాలుకకు రుచింపదు, అయినను అది అరుచిని పోగొట్టునని ఆచార్యుల మాట. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. చేదు మొదట నచ్చకపోవుట మనిషి దోషము కాదని శాస్త్రమే ఒప్పుకొనుచున్నది. అదే చేదు మితముగా, సరియైన రీతిలో లోనికి పోయినచో మందగించిన నాలుకను మేల్కొలిపి, మిగిలిన ఆహారమునకు రుచి తెచ్చును. జ్వరము తగ్గినవారికి మన పెద్దలు వేపపువ్వు చారు పెట్టుటలోని అంతరార్థము ఇదియే.

ఆధునిక పరిశోధనలు కూడ ఇందుకు దూరముగా లేవు. మానవ నాలుకపై చేదును గ్రహించు గ్రాహకములు సుమారు 25 రకములు ఉన్నవని తేలినది. వృక్షజాతి విషములలో అనేకము చేదుగా ఉండుటచేత, ప్రకృతి మనకు ఇచ్చిన కావలి ఇది. ఈ గ్రాహకముల తీవ్రత వంశపారంపర్యముగా ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా ఉండును. పిల్లలలో చేదును గుర్తించు శక్తి పెద్దలకంటె హెచ్చుగా ఉండును. కావున కాకరముక్కను ఉమ్మివేసిన పిల్లవాడు పెంకివాడు కాడు. వాని నాలుక తన ధర్మమును తాను నిర్వర్తించినది.

అలవాటే సాత్మ్యము

అయినను నాలుక రాతిపై చెక్కిన శాసనము కాదు. నిత్యాభ్యాసము వలన ఒక ఆహారము శరీరమునకు అనుకూలించుటను ఆయుర్వేదము ఓకసాత్మ్యము అన్నది. అభ్యాసము వేపచేదును సైతము తీపి చేయునన్న వేమన భావము తెలియని తెలుగువారు ఉండరు.

ఈ అభ్యాసము తల్లి కడుపులోనే ఆరంభమగును. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గల మోనెల్ పరిశోధన కేంద్రమువారు 2001లో ప్రకటించిన పరిశీలన ఒకటి కలదు. గర్భధారణ చివరి మాసములలో గాని, పాలిచ్చు కాలములో గాని క్యారెట్ రసము త్రాగిన తల్లుల బిడ్డలు, తరువాత క్యారెట్ రుచి గల ఆహారము పెట్టినపుడు ముఖము చిట్లించుట తక్కువగా కనబడినది. పుట్టిన తరువాత కూడ, క్రొత్త కూరను బిడ్డ అంగీకరించుటకు పది పదిహేనుసార్లు రుచి చూపవలసి రావచ్చునని శిశుపోషణ నిపుణులు చెప్పుచున్నారు. మన ఇండ్లలో జరుగునది ఏమి? రెండు సార్లు పెట్టి, "వీడికి ఇది సయించదు" అని తీర్పు చెప్పివేయుదుము. ఆ తీర్పు వానికి ముప్పది ఏండ్లు వచ్చువరకు అమలులో ఉండును.

వంగదేశమున మధ్యాహ్న భోజనమును చేదు వంటకముతో ఆరంభించు ఆచారము నేటికిని ఉన్నది. అక్కడి పిల్లల నాలుకలు వేరు కావు, ఆచారము వేరు. మనము ఉగాదినాడు వేపపువ్వుతో షడ్రుచులను ఆస్వాదించి, తక్కిన సంవత్సరమంతయు తీపి, పులుపు, ఉప్పు, కారములతోనే గడుపుచున్నాము. చేదు, వగరు ఏటికి ఒకమారు వచ్చు చుట్టములైనవి.

నాలుగవ వంతు నియమము

అలవాటును మార్చు పద్ధతి కూడ శాస్త్రములోనే ఉన్నది. చరకసంహిత సూత్రస్థానము 7వ అధ్యాయములో పాదాంశిక క్రమము చెప్పబడినది. అలవాటైన అహితమును ఒక్కసారిగా విడువరాదు, క్రొత్త హితమును ఒక్కసారిగా చేపట్టరాదు. పాతదానిలో నాలుగవ వంతు తగ్గించి, ఆ స్థానమున క్రొత్తదానిని నాలుగవ వంతు చేర్చవలెను. ఒకటి, రెండు, మూడు దినముల ఎడమిచ్చుచు ముందుకు సాగవలెను. మెల్లగా విడిచిన దోషము మరల రాదనియు, మెల్లగా అలవడిన గుణము చలింపదనియు ఆచార్యులు కారణము కూడ తెలిపిరి. వాగ్భటుడు అష్టాంగహృదయములో ఇదే మార్గమును సమర్థించెను.

దీనిని వంటింటికి నేను ఇట్లు అన్వయించి చెప్పుచుందును. ఇంటిల్లిపాది ఇష్టపడు బంగాళాదుంప వేపుడులో నాలుగవ వంతు కాకర చక్రములు కలపండి. రెండు మూడు సార్లు తిన్న పిదప సగము చేయండి. అటుపిమ్మట ముప్పాతిక. తొందరపడవద్దు, నెల పట్టినను మంచిదే. చేదు బొత్తిగా పడనివారు మొదట పొట్లకాయతోను, తరువాత ఆగాకరతోను ఆరంభింపవచ్చును. తెలంగాణములో బోడకాకర అనునది ఈ ఆగాకరయే. వానకాలములో వచ్చు ఈ కాయలో కాకర రూపము ఉన్నను చేదు చాల తక్కువ. కాకరవైపు వేయు మెట్టుగా దీనికి సాటి లేదు.

పిల్లల విషయమున రెండు పనులు చేయవద్దు. కండ్లెఱ్ఱజేసి తినిపింపవద్దు. "ఈ కూర తింటే మిఠాయి ఇస్తాను" అని ఆశ పెట్టవద్దు. మిఠాయి బహుమానమైనచో కూర శిక్ష యగును. ఆకలిగా ఉన్నపుడు, మొదటి ముద్దలో, చిన్న ముక్క ఒకటి చాలును. దానిని మీరు ఇష్టముగా తినుట వారు చూచిన మరింత మేలు.

వంట కుదరక నచ్చని కూరలు

కూర నచ్చదనువారిలో పలువురికి నచ్చనిది కూర కాదు, వండిన తీరు. భావమిశ్రుడు భావప్రకాశములో శాకములు సామాన్యముగా గురువులు, రూక్షములు అని చెప్పియున్నాడు. అందువలన ఆయుర్వేదము కూరలను వద్దన్నదని కొందరి వాదము. అది సగము మాటయే. బరువైన శాకములను ఉడికించి, నీరు పిండి, నూనె గాని నెయ్యి గాని చేర్చి తినవలెనని చరకుడే సంస్కారమును విధించెను. మన తల్లులు కాకర చక్రములకు ఉప్పు, పసుపు పట్టించి అరగంట ఉంచి పిండుట ఈ సంస్కారమునకు దగ్గరి చుట్టమే. పిమ్మట పలుచని మజ్జిగలో ఉడికించి, నూనెలో మగ్గించి, చింతపండు పులుసు, కొద్దిగా బెల్లము, నువ్వులపొడి చేర్చినచో చేదు నశింపదు, తక్కిన రుచుల నడుమ ఒదిగిపోవును. వారము వారము బెల్లమును తగ్గించుచు రండి. మధుమేహులు దానిని మొదటినుండి నామమాత్రముగానే వాడవలెను. ఉడికించి పిండిన నీటితో కొన్ని పోషకములు పోవును గనుక, తోటకూర, బచ్చలి వంటి మెత్తని ఆకులను పిండవలసిన పనిలేదు.

శాకములు ఆరు విధములని భావమిశ్రుడు చెప్పెను: ఆకు, పువ్వు, కాయ, కాడ, దుంప, పుట్టగొడుగు. మీ ఇంట ఇందులో ఎన్ని వండుచున్నారో లెక్కించుకొనండి. పొన్నగంటి ఆకును పెసరపప్పుతో, అరటిపువ్వును ఆవపెట్టి, అరటిదూటను పెరుగుపచ్చడిగా, కందను బచ్చలితో కలిపి పులుసుకూరగా వండి చూడండి. వీనిని ఎన్నడును రుచి చూడని యువకులు అనేకులు. తెలియనిదానిని ఇష్టము లేదనుట న్యాయము కాదు కదా!

జాగ్రత్తలు

చేదు మంచిదని ప్రతి చేదును మింగరాదు. ఆనపకాయ, దోసకాయ వంటివి స్వభావముచేత చేదు కావు. అవి చేదుగా ఉన్నచో అందులో విషపదార్థము పెరిగినదని గుర్తించి పారవేయవలెను. చేదు ఆనపకాయ రసము త్రాగి మన దేశమున ప్రాణములు పోయిన సందర్భములు కలవు. భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు 2012లో ప్రచురించిన నివేదికలో అట్టి రసమును త్రాగరాదని హెచ్చరించిరి.

కాకర ఒక్కదానితో మధుమేహము అదుపగునని నిరూపణ కాలేదు. 2012లో కోక్రేన్ సమీక్ష అందుకు తగిన ఆధారములు చాలవని తేల్చినది. కావున కాకరను నమ్మి మందులు మానరాదు. మందులతోపాటు గాఢమైన రసము త్రాగినచో రక్తములో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. గర్భిణులు ఈ రసము జోలికి పోరాదు. మూత్రపిండ వ్యాధి, మూత్రాశ్మరి గలవారు ఆకుకూరల మోతాదును తమ వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. కందలోని సూదుల వంటి స్ఫటికములు గొంతు దురదకు కారణము గనుక దానిని చింతపండు చేర్చి బాగుగా ఉడికింపవలెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములలో, రెండువేల కేలరీల ఆహారము తీసికొను వ్యక్తి పళ్ళెములో దినమునకు 400 గ్రాముల కూరగాయలు చూపబడినవి. ఒక గ్లాసు రసమును ముక్కు మూసికొని మింగవచ్చును. దినదినము 400 గ్రాముల కూరను ఎవ్వడును ముక్కు మూసికొని తినజాలడు. రుచి కుదిరిన పథ్యమే నిలుచును. ఈ వారము సంతకు పోయినపుడు, మీ ఇంట పదేండ్లుగా అడుగుపెట్టని కూర ఒకటి పావుకిలో తెండి. అది ఆరోగ్యమునకు మంచిదని ఎవ్వరికిని చెప్పవద్దు. రుచిగా వండి, వడ్డించి, మీరు తినండి.