మిషను కొంటే సరిపోదండీ

తెనాలి, రేపల్లె వైపు పుట్టిన మనవాళ్ళకి సాంబమసూరి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బీపీటీ 5204లో బీపీటీ అంటే బాపట్లే. 1986లో అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. అన్నం బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, బాక్టీరియా ఎండాకు తెగులు తగిలితే తట్టుకోలేదు.

దీనికి విరుగుడుగా 2008లో ఇంప్రూవ్డ్ సాంబమసూరి వచ్చింది. హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థా, సీసీఎంబీ కలిసి చేసిన పని. తెగులుని తట్టుకునే మూడు జన్యువులు ఇందులోకి తెచ్చారు. వాటిలో రెండు ఎలాంటివంటే, ఒక్క కాపీయే ఉంటే పైకి కనబడవు. మొక్కని చూసి చెప్పలేం. అందుకని తరం తరంలోనూ ఆకు తెంపి, డీఎన్ఏ చూసి, ఏ మొక్క ఉంచాలో తేల్చారు. పొలం తెలిసినవాళ్ళూ ల్యాబు తెలిసినవాళ్ళూ పక్కపక్కనే ఉండబట్టే కుదిరిందని నా అభిప్రాయం.

ఇప్పుడు ఏకంగా జన్యుక్రమం మొత్తం చదివేస్తున్నారు. సీక్వెన్సింగ్ మిషను ఖరీదైనది కాబట్టి యూనివర్సిటీల్లో కోర్ ల్యాబ్ అని ఒకటి పెడతారు. మన ఊళ్ళో రైసు మిల్లు లాంటిదన్నమాట. ప్రతి రైతూ సొంత మిల్లు పెట్టుకోడు కదా, బస్తాలు తోలుకెళ్ళి, డబ్బులిచ్చి ఆడించుకుంటాడు.

తేడా ఎక్కడంటే, ఈ మిల్లు బియ్యం ఇవ్వదు. వరి జన్యుక్రమం దాదాపు 39 కోట్ల అక్షరాలు. ఒక్కో చోటు ముప్ఫయ్యేసి సార్లు చదవాలంటే, 150 అక్షరాల ముక్కలు సుమారు 8 కోట్లు వస్తాయి. ఏ ముక్క ఎక్కడిదో వెతికి పేర్చాలి. చాలావరకు ఇది మనకి తెలిసిన స్ట్రింగ్ మ్యాచింగే. బరోస్-వీలర్ ట్రాన్స్‌ఫార్మ్ 1994లో ఫైళ్ళు కుదించడానికి పుట్టింది, ఇప్పుడు ఈ పేర్చే సాఫ్ట్‌వేర్లలో వాడుతున్నారు.

ఈ పని పీహెచ్‌డీ కుర్రాడి నెత్తినే పెడితే ఏమవుతుందో మనకి తెలియనిదా? డిగ్రీ చేతికొచ్చాక అతను వెళ్ళిపోతాడు, స్క్రిప్టు అనాథ అయిపోతుంది. బయట కంపెనీకి పంపితే చవక అంటారు. నిజమే, రిపోర్టు వస్తుంది. రెండేళ్ళ తర్వాత అదే డేటాని ఇంకో ప్రశ్న అడగాలంటే ఎవరున్నారు?

2025 మేలో సాంబమసూరి జన్యువుని ఎడిట్ చేసి తయారుచేసిన 'కమల' రకాన్ని కేంద్రం ప్రకటించింది. ఇలాంటివాటిలో అనుకున్నచోటే మార్పు జరిగిందా, వేరేచోట కూడా జరిగిందా అని రైతు తరఫున చూసేవాళ్ళు మన యూనివర్సిటీల్లోనే ఉండాలి. లేకపోతే అమ్మేవాడి మాటే మనకి దిక్కు.

అందుకే నేననేది, మిషను కొనే ముందు ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకి పర్మినెంటు ఉద్యోగాలివ్వండి. సర్వీసు ఛార్జీల మీద వాళ్ళ జీతాలు నడవవు, యూనివర్సిటీయే భరించాలి. ఇచ్చే జీతం హైటెక్ సిటీ జీతానికి సరితూగదు, సరే. కానీ రాసిన కోడు ఎవరి కంచంలోకి చేరుతుందో తెలిసే ఉద్యోగాలు మన ఫీల్డులో ఎన్ని ఉన్నాయి చెప్పండి? బాపట్లలో అలాంటి పోస్టు పడితే మీలో ఎంతమంది అప్లై చేస్తారు?