వంటలక్క ఎందుకు వెనక్కి పోవాలె?

‘‘ఇడుపుకాయితం రాస్కుంటే అయిపోవు గద. పదేండ్ల సంది ఈ లొల్లేంది?’’

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లో, కరోనా కాలంలో ఒక సాయంత్రం, అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ మా పెద్దమ్మ అన్న మాట ఇది. అన్నది టీవీలో ఉన్న ‘కార్తీక దీపం’ సీరియల్ నాయిక వంటలక్కతో. చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక్కసారిగా ఆమె మీద పడ్డారు. ‘‘నోరు మంచిగుంచుకో అత్తా! వాళ్లిద్దరు ఎప్పుడు కలుస్తరా అని మేం ఎదురుచూస్తుంటే’’ అని ఒకామె కసురుకుంది. పెద్దమ్మ గింజల చాట పక్కకు జరిపి, ‘‘కలిసి ఏం జేస్తరు?’’ అని ఊరుకుంది.

స్టార్ మాలో ‘కార్తీక దీపం’ 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరి 23న ముగిసింది. పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు. మలయాళంలో ఏషియానెట్ ప్రసారం చేసిన ‘కరుతముత్తు’కు ఇది తెలుగు రూపం. రెండింటిలోనూ నాయిక ప్రేమీ విశ్వనాథే. వంటలక్క మొగుడు డాక్టర్‌బాబుగా నిరుపమ్ పరిటాల ఇంటింటి మనిషైపోయాడు. 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు సాయంత్రం ఏడున్నరకే మొదలయ్యాయి, సీరియల్ వేళా అదే. ఒక్క టీవీ ఉన్న ఇళ్లలో రిమోట్ కోసం ఎంత యుద్ధం జరిగిందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కథ తెలియనివాళ్లు తక్కువే అయినా రెండు ముక్కలు. తనకు పిల్లలు పుట్టే యోగం లేదని నమ్మిన డాక్టర్ కార్తీక్, గర్భవతి అయిన భార్య దీపను అనుమానిస్తాడు. ఆ నమ్మకం వెనక ప్రతినాయిక మోనిత కుట్ర ఉంది. దీప ఇల్లు విడిచి వెళ్లి కవలల్ని కంటుంది. ఒక పాప తల్లి దగ్గర, ఇంకో పాప తండ్రి ఇంట్లో పెరుగుతారు. దీప వంటలు చేసి బతుకుతుంది, వంటలక్క అవుతుంది. మిగిలిందంతా వీళ్లిద్దరూ కలుస్తారా లేదా అన్న ఒక్క ప్రశ్న మీదే నడిచింది. గుండె ఆపరేషన్లు చేసే డాక్టర్‌కు డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు గుర్తుకు రాలేదని రాష్ట్రమంతా అడిగింది. ఈ విషయంలో ప్రేక్షకుల్లో మెజారిటీ మాట, మైనారిటీ మాట అన్న తేడా లేదు.

తేడా మిగతా సంగతుల్లో ఉంది. పదిమందీ ‘జంట కలవాలి’ అంటుంటే గొంతు తగ్గించి ఇంకో మాట అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉండేవాళ్లు. మోనిత లేకపోతే సీరియలే లేదన్నది అందులో ఒకటి. అది అంత చిన్న గొంతేం కాదు, మోనితగా చేసిన శోభాశెట్టి 2023లో ‘బిగ్‌బాస్’ ఇంట్లో అడుగుపెట్టేదాకా ఆ పేరు వెంటనడిచింది. అత్త సౌందర్య మారింది గానీ మొగుడు మారలేదన్నది మరొకటి. ఇది నిజం. నల్లపిల్లను కోడలిగా ఒప్పుకోనన్న సౌందర్యే తర్వాత దీపకు అండగా నిలబడింది. చదువుకున్న కొడుకు మాత్రం ఏళ్ల తరబడి అనుమానం దగ్గరే ఆగిపోయాడు.

నలుపు సంగతి ఇంకాస్త చెప్పుకోవాలి. ఈ కథ పుట్టింది రంగు మీద. పత్తిచేనులో ఎండంతా నెత్తిన మోసే మహబూబ్‌నగర్, నల్లగొండ ఆడవాళ్లకు తమ రంగు మనిషి రాత్రి ఏడున్నరకు నాయికగా కనిపించడం చిన్న విషయం కాదు. పెళ్లిచూపుల్లో ‘పోరి జర నలుపు’ అన్న మాటకు కట్నం ఎంత పెరుగుతుందో వాళ్లకు తెలుసు. అయితే ప్రేమీ విశ్వనాథ్ అసలు రంగు అది కాదు, మేకప్‌తో వచ్చిన నలుపు. పైగా కొన్నాళ్లు తిరిగేసరికి రంగు గొడవ పక్కకుపోయి శీలం గొడవ ముందుకొచ్చింది. నల్లపిల్ల కథ అని పిలిచి, నిందపడ్డ ఇల్లాలి కథ వడ్డించారు.

నిందపడ్డ ఇల్లాలి కథ మనకు కొత్తా? అనుమానం, గర్భిణిగా ఇల్లు దాటడం, కవలలు, పరాయి పంచన బతుకు. ఇది సీత కథే. 1963లో వచ్చిన ‘లవకుశ’ మొదటి పూర్తి రంగుల తెలుగు చిత్రం. బండ్లు కట్టుకుని పోయి దాన్ని చూసిన తరం ఇంకా మన మధ్య ఉంది. సీరియల్ ఆ దారినే చివరిదాకా నడిచి, చివర్న పక్కకు తప్పుకుంది. ఉత్తరకాండలో సీత వెనక్కి పోదు. పిల్లల్ని తండ్రికి అప్పగించి, మళ్లీ పరీక్షకు నిలబడమంటే భూమిలోకి వెళ్లిపోతుంది. రచయిత్రి ఓల్గా సీత వైపు నుంచి రాసిన ‘విముక్త’ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినప్పుడు వెనక్కి పోనన్న సీత ఆలోచన కొత్త చదువుల వల్ల వచ్చిందన్నట్టు మాట్లాడారు కొందరు. ‘కలిసి ఏం జేస్తరు’ అన్న పెద్దమ్మ బడి గడప తొక్కలేదు.

ఇడుపుకాయితం గురించి బయటివాళ్లకు ఒక మాట. కాపురం పొసగనప్పుడు కులపెద్దల ముందు రాసుకునే తెగదెంపుల పత్రం అది. తెలంగాణ పల్లెల్లో చాలా కులాలకు ఇది తెలిసిన దారే, ఆ తర్వాత మారుమనువు కూడా. ఆచారం ఉందని రుజువు చేయగలిగితే 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ అలాంటి విడాకులను కాదనదు. పెద్దమ్మ మాట విప్లవమేం కాదు, ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటు. తెర మీదకు రాలేదంతే. సీరియల్ రాసేవాళ్ల లెక్కలో పెళ్లంటే పట్నం కోడళ్ల పెళ్లి.

అలాగని పెద్దమ్మను కసురుకున్నవాళ్లను తక్కువ చేయలేను. మా వైపు నుంచి బొంబాయి, పుణె పనులకు వలసపోయిన మొగుళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లవి. మొగుడి పేరు మీదే ఇల్లు, ఎకరమో అరెకరమో ఉంటే ఆ పాసుబుక్కు. విడిపోయిన ఆడదానికి పుట్టింట్లో ఒక మూల తప్ప ఏమీ మిగలదు. వాళ్లు ‘జంట కలవాలి’ అన్నది ప్రేమకథల మీద మోజుతో కాదు, బతుకు లెక్క చూసుకుని. సీరియల్ మొదలైన 2017లోనే తెలంగాణ ప్రభుత్వం ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛన్ మొదలుపెట్టింది, 2019లో అది 2,016 అయింది. భర్త నుంచి విడిపోయి ఏడాది దాటినవాళ్లు అర్హులు. ఆ డబ్బుతో ఒక ఇల్లు గడుస్తుందా అని అడిగితే జవాబు ఆ ఇళ్లలోనే ఉంది. వంటలక్కకు వంట వచ్చు, కెమెరా వెంట ఉంది. మిగతావాళ్లకు?

రెండు అభిప్రాయాలూ అనుభవంలోంచి వచ్చినవే అయితే ఒకటే ఎందుకు తెరకెక్కింది? జవాబు మీటరులో ఉంది. టీవీ చూపులను లెక్కించే బార్క్ సంస్థ 2015 నుంచి పల్లెలనూ లెక్కలోకి తెచ్చింది. ఎంపిక చేసిన ఇళ్లలో మీటరు పెడతారు. ఎవరు చూస్తుంటే వాళ్లు తమ పేరిట ఉన్న బటన్ నొక్కాలి. ఆ ఇల్లు ఎవరిదో బయటపెట్టరు. వారం వారం లెక్క వస్తుంది. ఆ బటన్‌కు ఒకటే భాష తెలుసు: చూశారు, చూడలేదు. మొక్కుకుంటూ చూసినామె, తిట్టుకుంటూ చూసిన మా పెద్దమ్మ దానికి ఒకటే. పైగా తిట్టేవాళ్లు ఇంకా శ్రద్ధగా చూస్తారు. జంట కలిస్తే కథ అయిపోతుంది, విడాకులిచ్చినా అయిపోతుంది. కాబట్టి రెండూ జరగకుండా ఏళ్ల తరబడి లాగారు. తమిళంలో ఇదే కథ ‘భారతి కన్నమ్మ’. అందులో కన్నమ్మ సంచి భుజాన వేసుకుని ఎపిసోడ్ల తరబడి నడుస్తూనే ఉంటే జనం నవ్వుకున్నారు, నవ్వుకుంటూనే చూశారు.

ప్రేక్షకుల మాట నిజంగా చెల్లింది ఒకేఒక్కసారి. 2022 మార్చిలో దీప, కార్తీక్‌లను ప్రమాదంలో పోగొట్టి, ఎదిగిన కూతుళ్ల మీద కథ నడపాలని చూశారు. జనం తిట్టలేదు, ఛానల్ మార్చారు. ఆ ఏడాది పూర్తికాకముందే దీపను బతికించి తీసుకొచ్చారు. మాటతో కానిది రిమోట్‌తో అయింది. కానీ ఆ రిమోట్ అడిగింది వంటలక్కను, ఆమె స్వేచ్ఛను కాదు. మీటరుకు ఆ సంగతి అర్థమయ్యే వీలు లేదు.

2023 జనవరి 24 నుంచి ఆ ఏడున్నర వేళకు ‘బ్రహ్మముడి’ వచ్చింది. అక్కడా కోటీశ్వరుల ఇంట్లో పడ్డ పేదింటి కోడలే.

అసలు చిత్రం 2024 మార్చి 25న మొదలైన ‘కార్తీక దీపం 2’లో ఉంది. అదే దీప, అదే కార్తీక్, కొత్త కథ. ఈసారి దీప పల్లెటూరి మనిషి. నరసింహ అనే మొగుడు వదిలేస్తే కూతురితో బతుకుతుంది. అతనితో తెగదెంపులయ్యాక కార్తీక్ ఆమె మెడలో తాళి కడతాడు. బిడ్డ తల్లికి మారుమనువు! చెడ్డ మొగుణ్ని వదిలేయవచ్చని తెలుగు సీరియల్ ఒప్పుకుంది, పెద్దమ్మ మాట తెరకెక్కింది. మెజారిటీకీ లోటు రాలేదు, వాళ్ల జంట వాళ్లకు దక్కింది. రెండు వైపులా మార్కులు కొట్టేసిన తెలివైన లెక్క ఇది.

ఈ సంగతి పెద్దమ్మకు ఫోన్లో చెప్పాను. అరుగు మీద చాట చప్పుడు వినిపించింది. ‘‘రెండో మొగుడెవరు?’’ అని అడిగింది. డాక్టర్‌బాబే అని చెప్పాను. ‘‘మళ్ల ఆయనేనా’’ అని ఫోన్ పెట్టేసింది.