పర్యాటక వీసా మీద వెళ్లి వంటింట్లో దిగాను

అమెరికా వీసా ఇంటర్వ్యూలో "ఎందుకు వెళ్తున్నారు?" అని అడిగారు. "మా అమ్మాయిని చూడ్డానికి, ఊళ్లు చూడ్డానికి" అన్నాను. పర్యాటకుల వీసా ఇచ్చారు. మొదటి మాట వెంటనే నిలబెట్టుకున్నాను. రెండో మాటకు నాకు ఐదేళ్లు పట్టింది.

మొదటిసారి వెళ్లింది అమ్మాయి పురిటికి. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్. హన్మకొండ నుంచి రెండు పెట్టెల నిండా పచ్చళ్లు, కారప్పొడి, సకినాలు మోసుకుపోయాను. ఆరు నెలలున్నాను. పసిదాని స్నానం, బాలింత పథ్యం, అల్లుడి టిఫిన్ డబ్బా, ఆదివారం గుడి, మనవాళ్ల కిరాణా కొట్టు. ఒకసారి గాంధీ విగ్రహం ఉన్న పార్కు. పక్కింట్లో తెలుగువాళ్లే, ఎదురింట్లో తెలుగువాళ్లే. తిరిగొచ్చాక మా వాడకట్టు ఆడవాళ్లు "అమెరికా ఎట్లుందక్కా?" అంటే "అంతా మన దగ్గరున్నట్టే ఉంది" అన్నాను. అబద్ధం కాదు. నేను చూసింది అంతే మరి.

ఆ చాకిరీ మీద నాకు ఫిర్యాదు లేదు. మనవరాలిని ఎత్తుకున్న ఆ ఆరు నెలల్ని దేనికీ మార్చుకోను. కానీ మన తెలంగాణ లాంటివి ఆరు పట్టే రాష్ట్రానికి పోయి, నాలుగు గోడలు చూసి వచ్చానే అన్న బాధ మాత్రం మిగిలిపోయింది.

పోయిన వేసవిలో రెండోసారి వెళ్లినప్పుడు నోరు తెరిచి అడిగాను, "బిడ్డా, నన్ను రెండు రోజులు ఎటైనా తీసుకపో" అని. మావారు "వాళ్లకు తీరిక ఎక్కడిది, ఇబ్బంది పెట్టకు" అన్నారు. మా అమ్మాయి మాత్రం నా మొహంలోకి చూసి, "నువ్వు ఎన్నడూ అడగలేదు కదమ్మా" అంది. ఆ మాట సూటిగా తగిలింది. నిజమే, అడగలేదు. పిల్లలే అర్థం చేసుకోవాలని లోపల్లోపల అలుగుతూ కూర్చున్నాను.

జూన్ 19న అల్లుడికి సెలవు వస్తే బయలుదేరాం. "ఈ సెలవు ఎందుకు బాబూ?" అని దారిలో అడిగాను. అమెరికాలో బానిసలకు విముక్తి అని లింకన్ 1863 జనవరిలో ప్రకటించినా, టెక్సాస్‌లో ఆ మాట చెప్పి అమలు చేయడానికి సైన్యం గాల్వెస్టన్ రేవులో దిగింది 1865 జూన్ 19న అట. రెండున్నరేళ్లు ఆలస్యం! ఆ బానిసత్వంతో దేన్నీ పోల్చలేం గానీ, దేశమంతా 1947 ఆగస్టు 15న పండగ చేసుకుంటే 1948 సెప్టెంబర్ 17 దాకా ఎదురుచూసిన ఊరివాళ్లం మనం. ఆ ఆలస్యం రుచి మనకూ కొంత తెలుసు.

రోడ్డు పక్కన వెస్ట్ అనే చిన్న ఊరు. వందేళ్లకు ముందే చెక్ దేశం నుంచి వలస వచ్చినవాళ్లది. వాళ్ల బేకరీలో కొలాచీ అని, మధ్యలో పండ్ల గుజ్జు పెట్టిన మెత్తని రొట్టె తిన్నాం. మా అల్లుడు ఆ దారిన ఎన్నోసార్లు పోయాడు గానీ పెట్రోలుకు తప్ప ఆగలేదట. ఇంకా ముందుకు పోతే 1845లో జర్మన్లు కట్టుకున్న న్యూ బ్రౌన్‌ఫెల్స్. అప్పుడర్థమైంది, నాలుగు గోడల మధ్య ఉన్నది నేనొక్కదాన్నే కాదు, మా పిల్లలు కూడా.

శాన్ ఆంటోనియోలో మార్కెట్ స్క్వేర్ అని మెక్సికో సరుకుల అంగళ్లున్నాయి. టెక్సాస్ 1836 దాకా మెక్సికోలో భాగమే. ఒక హోటల్లో నా వయసు ఆవిడ మక్కపిండి రొట్టెలు చేస్తోంది. ఆమె పక్కన ఎండుమిర్చి గంప. ఎనుమాముల మార్కెట్ వాసన గుప్పున కొట్టింది. ఆమెకు ఇంగ్లీషు అంతంతే, నాకూ అంతంతే. నేను చూపించి "మిర్చి" అన్నాను. ఆమె "చిలే" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

మిరప పుట్టిల్లు మెక్సికో ప్రాంతమేనట. మన దేశానికి పోర్చుగీసువాళ్లు తెచ్చారు, అదీ కాకతీయుల రాజ్యం పోయిన చాలా ఏళ్లకు. అంటే రుద్రమదేవి వంటింట్లో మిరపకాయే లేదు! వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మురిసిపోయినదాన్ని, ఆ మిర్చి పుట్టింటి గడప దాకా రెండుసార్లు కారప్పొడి మోసుకుపోయాను.

ఆ ఊరి గురించి ఇంకో సంగతి విన్నాను. 1880ల నుంచి 1930ల దాకా అక్కడి చౌరస్తాల్లో మెక్సికన్ ఆడవాళ్లు సాయంత్రం పూట కారం కూర వండి అమ్మేవారట. చిలీ క్వీన్స్ అనేవారు. చివరికి ఆరోగ్య నిబంధనల పేరుతో వాళ్ల అంగళ్లు ఎత్తేయించారు. అదే చిలీ 1977లో టెక్సాస్ అధికారిక వంటకం అయింది. వంటకు కిరీటం పెట్టారు గానీ, వండిన చేతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? ఈ కథ మన ఏ ఇంట్లో లేదు చెప్పండి.

అందుకే నా అభిప్రాయం చెప్తున్నాను. పురిటికి వెళ్లండి, మనవల్ని పెంచండి. కానీ టికెట్ తీసుకునేటప్పుడే "నాకోసం రెండు రోజులు" అని పిల్లలతో ఒక్క మాట అనండి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, ఖర్చుల గొంతెమ్మ కోరికా కాదు. నాలుగైదు గంటల కారు ప్రయాణం, అంతే. పిల్లలారా, అమ్మ అడగకపోయినా మీరు అడగండి. ఆమె "నాకేం వద్దు" అంటుంది. నమ్మకండి.

ఇప్పుడు ఎవరైనా "అమెరికా ఎట్లుందక్కా?" అంటే "మన దగ్గరున్నట్టే" అని తేల్చెయ్యడం లేదు. "కూచో, చాయ్ పెడతా, చెప్తా" అంటున్నాను.