అడవి కొలత ఎవరి కొరకు?

అడవి విస్తీర్ణమెంత అని అడిగితే లెక్క చెప్పగలవారు చాలామంది ఉన్నారు. ఆ అడవిలో చెట్ల ఎత్తెంత, ఆకుల క్రింద నేల ఏ తీరున ఉన్నది అని అడిగితే సమాధానం అంత సులభం కాదు. గొలుసు పట్టి నడిచే సర్వేయరు కొద్ది చెట్లనే కొలవగలడు. సాధారణ ఉపగ్రహ చిత్రం అడవి పైభాగాన్ని చూపుతుంది గాని లోపలిని చూపదు. మన దేశపు అటవీ నివేదికలలో ఒక హెక్టారుకు తగ్గని స్థలంలో చెట్ల పందిరి 10 శాతముంటే అది అడవి లెక్కలో చేరుతుంది. సహజారణ్యమైనా, నాటిన తోటయైనా ఆ లెక్కకు ఒక్కటే.

ఈ లోటును తీర్చగల సాధనం విమానం నుండి జరిపే లేజర్ సర్వే. విమానంలోని యంత్రం సెకనుకు లక్షల సంఖ్యలో కాంతి స్పందనలను నేలవైపు పంపుతుంది. అవి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కొంత కాంతి చెట్టు కొనను తాకి మరలుతుంది. కొంత ఆకుల సందులలో దూరి నేలను తాకి మరలుతుంది. ఈ రెంటికీ గల తేడాయే చెట్టు ఎత్తు. కలప ఎంత ఉన్నదో తేల్చడానికి మాత్రం నేలపై మనిషి కొలిచిన చెట్లతో సరిచూడక తప్పదు.

మన దేశంలోనూ ఈ ప్రయత్నం జరిగింది. 2020లో కేంద్ర ప్రభుత్వం 26 రాష్ట్రాలలో 2,61,897 హెక్టార్ల అటవీ భూమి సర్వేను వాప్కోస్ సంస్థకు అప్పగించింది. 2021 జూన్‌లో 10 రాష్ట్రాల నివేదికలు వెలువడ్డాయి. అడవిలోనే నీటిని, మేతను పెంచి, జంతువులు ఊళ్ళమీదికి రాకుండా చేయడం దాని లక్ష్యం. ఉద్దేశం మెచ్చదగినదే. కాని ఆ పటాలు ఎవరి చేతికి చేరాలన్నదే నా ప్రశ్న.

ఫిన్లాండులో అడవులలో పెద్ద భాగం సామాన్య కుటుంబాలది. లేజర్ సర్వే ఆధారంగా తయారైన వివరాలను అక్కడి రైతు తన అడవికి సంబంధించినంతవరకు ఉచితంగా చూసుకోగలడు. 2018 నుండి ఆ సమాచారం ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చింది.

మన నల్లమలలో పరిస్థితి వేరు. అక్కడ అడవి ప్రభుత్వానిది. అందులో బ్రతుకుతున్నవారు చెంచులు. అయినా 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారంలో గ్రామసభకు భాగమిచ్చింది. పటమే చూడని గ్రామసభ ఆ అధికారాన్ని ఎట్లా వినియోగించగలదు? చెరువు ఎక్కడ త్రవ్వాలో యంత్రం సూచించవచ్చు. ఏ ఊట వేసవిలోనూ ఎండదో చెంచు పెద్దకు తెలుసు. ఆ రెండు జ్ఞానాలూ ఒకచోట చేరాలి.

వివరాలు బయటపెడితే ఎర్రచందనం దొంగలకు దారి చూపినట్లు కాదా అని కొందరనవచ్చు. విలువైన వృక్షాలున్న చోటులను గోప్యంగా ఉంచవలసిందే. అయితే దొంగకు అడవిదారులు పటం లేకుండానే తెలుసు. తెలియక నష్టపోయేది గ్రామసభయే.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఈ యంత్రాలను నడుపుతారు, కొందరు ఈ నివేదికలను వ్రాస్తారు. వాటిని అడవి అంచున ఉన్నవారికి అర్థమయ్యే తెలుగులో వ్రాసి వారి ముందుంచండి. అప్పుడే ఆ కొలత అడవికి ఉపకరిస్తుంది.